ఫ్యాక్సు కాగితానికి పసుపు

ఆ ఏడాది ఎండాకాలం కాలువలు కట్టేసిన వారంలోనే మా ఇంట్లో ఫ్యాక్సు మిషను పోయింది. లోపలికి బల్లి దూరింది. కరెంటు వస్తూ పోతూ ఉన్న ఒక మధ్యాహ్నం చిటపటమని చప్పుడు, వెనకాలే కమురు వాసన. మా ఆయన సత్యప్రసాద్ పై మూత విప్పి చూసి, "బల్లీ పోయింది, మిషనూ పోయింది" అన్నారు. ఆ గొంతులో విచారం ఎక్కడన్నా ఉందేమోనని వెతికాను. నాకైతే దొరకలేదు.

ఆయనకి విచారం లేకపోవడానికి కారణం ఉంది. మా ఇంటికి వీధి వైపు లేసు సావిడి ఉంది. దాని మీద ఆయనకి ఎప్పటినుంచో కన్ను. రొయ్యల మేత డీలర్‌షిప్ ఇస్తామన్నారు కంపెనీవాళ్ళు. కాలువలకి నీళ్ళు వదిలేలోగా గోడౌను చూపించాలన్నారు. సావిడి ముందు లారీ తిరిగేంత చోటుంది, గోడలకి చెమ్మ లేదు. అడ్డమల్లా లోపల ఉన్న మా అత్తగారు మాణిక్యాంబ, ఆవిడ దారం ఉండలు, అద్దాల బీరువాలో నమూనా లేసులు, పొద్దున్నే వచ్చి చాపల మీద కూర్చుని పని పంచుకుని వెళ్ళే ఊళ్ళో ఆడవాళ్ళు.

మాది నరసాపురం పక్క ఊరు. ఒకప్పుడు ఆ సావిడి నుంచి చాలా దేశాలకి లేసు వెళ్ళేదట. మిషను లేసు వచ్చాక కొన్నవాళ్ళందరూ ఒక్కొక్కరే జారుకున్నారు. నేను కాపురానికి వచ్చేసరికి మిగిలింది ఒక్కావిడే. జపాన్‌లో కోబె అనే ఊళ్ళో చిన్న కొట్టు నడిపే ఓకుమురా గారు. ఏటా ఎండాకాలంలో ఆవిడ చేత్తో గీసిన డిజైను ఒకటి ఫ్యాక్సులో వస్తుంది. రేటెంతో, ఎప్పటికి అల్లుతామో రాసి మేము పంపిస్తాం. సరేనంటూ ఆర్డరు కాగితం వస్తుంది. దాంతో చలికాలం దాకా అందరికీ పని. ఆవిడకి ఈమెయిలు లేదు. వాట్సాప్ సంగతి అడగనే అక్కర్లేదు.

"ఆవిడకీ నీకూ మధ్య ఉన్నదల్లా ఆ మిషనేనమ్మా. అదీ పోయింది. ఇంక వదిలెయ్యకూడదా?" అన్నారు మా ఆయన, అన్నం తింటూ.

"మిషను పోతే ఆవిడ పోయినట్టేంట్రా?" అన్నారు అత్తగారు.

"అది కాదమ్మా. మేత కంపెనీవాళ్ళు నా కోసం ఆగరు కదా."

అత్తగారు ఆయనకి మజ్జిగ పోసి, కాసేపు ఆలోచించారు. "సరే విను. కాలువ నీళ్ళు మన వీధి వంతెన కిందకి వచ్చేలోగా కోబె ఆర్డరు రాకపోతే సావిడి నీది. నేనే చాపలు చుట్టేసి ఇస్తాను. వస్తే మాత్రం మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు."

"మిషను లేకుండా ఎలా వస్తుంది?"

ఆవిడ నా వైపు చూశారు. "అమ్మాయీ, నీ కంప్యూటరుకి ఫ్యాక్సు రాదూ?"

పెళ్ళికి ముందు నేను భీమవరంలో ఒక కాలేజీ లాబ్‌లో యూనిక్స్ చెప్పేదాన్ని. సారెలో కావిళ్ళతో పాటు ఒక కంప్యూటరు కూడా తెచ్చుకున్నాను. దాంట్లో విండోస్ లేదు, యూనిక్సే ఉంది. చెరువుల లెక్కల ప్రోగ్రాము దాంట్లో ఎక్కలేదని మా ఆయనకి మొదటి ఏడాది నుంచీ దాని మీద చిన్న కినుక. అది దేనికి పనికొస్తుందని వచ్చిన చుట్టాలందరినీ అడుగుతూ ఉంటారు. ఇప్పుడు చెయ్యి కడుక్కోవడానికి లేచారు.

ముందుగా కాలిపోయిన మిషను పట్టుకుని రాజమండ్రి వెళ్ళాను. త్రిమూర్తులు గారని, పాత ఆఫీసు మిషన్లు బాగుచేస్తారు. ఆయన దాన్ని ఒకసారి ఊపి, చెవి దగ్గర పెట్టుకుని, కింద పెట్టేశారు.

"దీనికి సామాను రావడం మానేసి చాలా కాలమైందండీ. ఇంకా వాడుతున్నారంటే మీరు గట్టివాళ్ళేనండి." లోపలి గదిలోకి వెళ్ళి దుమ్ము పట్టిన మోడెమ్ ఒకటి తెచ్చిచ్చారు. "మేం ఇంటర్నెట్ సెంటరు నడిపిన రోజుల్దండి. ఫ్యాక్సు కూడా మాట్లాడుద్ది. మీ కంప్యూటరు వింటే సరి."

మా కంప్యూటరు అంత తేలిగ్గా వినలేదు. మోడెమ్ తగిలించానని దానికి తెలుసు, కానీ ఫ్యాక్సు ప్రోగ్రాము దాన్ని ముట్టుకోబోతే ఒప్పుకోదు. యూనిక్స్‌లో ఏ వస్తువు మీద ఎవరు చెయ్యి వేయొచ్చో ముందే రాసి ఉంటుంది. మా అత్తగారి ఆవకాయ జాడీ సంగతి లాగే, అందరూ చూడొచ్చు, చెయ్యి పెట్టే హక్కు ఒక్కరికే. ఆ హక్కు ఫ్యాక్సుకి ఇచ్చాను. తర్వాత డయల్ టోన్ లేదని మొరాయించింది. ఫోను ఎత్తి వింటే నాకు నిక్షేపంలా వినపడుతోంది. మన లైను టోను దాని చెవికి పట్టడం లేదు. టోను కోసం చూడకుండా నంబరు కొట్టెయ్యమన్నాను. కొట్టింది. మోడెమ్ కీచుమని అరిచిన అరుపుకి పెరట్లో కోళ్ళు చెల్లాచెదురయ్యాయి.

అన్నిటికంటే కష్టం మా అత్తగారితో వచ్చింది. నాలుగు రింగులయ్యాక కంప్యూటరు ఫోను ఎత్తేలా పెట్టాను. ఆవిడ రెండో రింగుకే ఎత్తేస్తారు.

"హలో, ఎవరండీ మాట్లాడేది? ఏంటండీ ఆ అరుపులు? ఒంట్లో బాలేదా?"

"అత్తయ్యా, పెట్టెయ్యండి! అది ఫ్యాక్సు!"

"మోగుతుంటే ఎత్తకుండా ఎలా కూర్చుంటారమ్మాయ్? అవతలివాళ్ళకి ఏం అవసరమో ఏంటో!"

ఇలా జపాన్ నుంచి వచ్చిన ఫ్యాక్సుని ఆవిడ ఎన్నిసార్లు పలకరించి పంపేశారో నాకు తెలియదు. చివరికి ఒప్పందానికి వచ్చాం. మధ్యాహ్నం భోజనాల వేళ దాటే వరకూ ఫోను కంప్యూటరుది, తర్వాత ఆవిడది. కోబె కాగితాలు ఎప్పుడూ పొద్దుటే వచ్చేవి. ఫోను మోగినప్పుడల్లా ఆవిడ సావిడిలో చాప మీద రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవారు. అలా కూర్చున్న మూడోనాడో నాలుగోనాడో కాగితం వచ్చింది. బల్ల మీద పరిచే గుడ్డ అంచుకి తీగ, తీగకి మొగ్గలు. పక్కన ఓకుమురా గారి పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు: ఇది అల్లగలరా, రేటు ఎంత.

పని పంచుకోవడానికి వచ్చిన పాపాయి కాగితాన్ని వెలుగుకి పట్టి చూసింది. ఊళ్ళో లేసు ఆడవాళ్ళందరి తరఫునా మాట్లాడేది ఆవిడే.

"తీగ బాగుందండి పెద్దమ్మగారూ. మొగ్గ దగ్గర దారం మెలి తిరగాలండి. అది మనకి తెలిసిందని గీసి పంపితే ఆవిడకి నమ్మకమండి."

మొగ్గని పెద్దది చేసి అత్తగారు పెన్సిలుతో గీశారు. అది స్కాను చేసి చూస్తే సగం గీతలు లేవు. ఫ్యాక్సుకి తెలుపూ నలుపూ తప్ప మూడోది తెలియదు. లేతగా ఉన్నదాన్నంతా తెలుపు కింద తోసేస్తోంది. కొంచెం మసకగా ఉన్నా సరే, నలుపు కిందే లెక్కెయ్యమని ప్రోగ్రాములో మార్చాను. అప్పుడు దారం పోగంత గీత కూడా స్పష్టంగా వచ్చింది. నా పనికి నేనే మురిసిపోయాను.

జవాబు పంపేది శుక్రవారం. నేను స్నానం చేసి వచ్చేసరికి కంప్యూటరుకి బొట్టు, మోడెమ్‌కి బొట్టు, ఫోనుకి కూడా బొట్టు. బల్ల మీద నేను రాసి పెట్టిన కాగితానికి నాలుగు మూలలా దట్టంగా పసుపు, పసుపు మధ్యలో కుంకుమ.

"అత్తయ్యా, కాగితం అక్కడికి వెళ్ళదు. దీని బొమ్మే వెళ్తుంది."

"వెళ్ళకపోతేనేం? బయల్దేరేది మన ఇంట్లోంచేగా. కొత్త మిషను మీద మొదటి కాగితం. ఉత్త మూలలతో పంపుతామా?"

లేత రంగు కదా, పసుపు ఎలాగూ రాదులే అనుకున్నాను. సంతకం దగ్గర ఆగాను. ఏటా కింద సంతకం ఆవిడదే. 'మాణిక్యాంబ' అని తెలుగులో, గుండ్రంగా. ఆవిడ అప్పటికే పెరట్లో ఆవకాయ కలుపుతున్నారు. మోచేతుల దాకా కారం, నూనె.

"నువ్వు పెట్టెయ్యమ్మా. మిషను నీది, ఇంగ్లీషు నీది. సంతకానికి నేనెందుకు?"

సూర్యకళ అని పెట్టాను. పంపాను. పంపడం పూర్తయిందని కంప్యూటరు చెప్పింది. అత్తగారు ఆవకాయ ముద్ద నోట్లో పెట్టి, ఉప్పు సరిపోయిందా అని అడిగారు.

తర్వాత ఏమీ రాలేదు. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. ఎప్పుడూ రెండు మూడు రోజుల్లో ఆర్డరు పంపే మనిషి. మా ఆయన ఒక సాయంత్రం టేపు పట్టుకుని సావిడి పొడుగూ వెడల్పూ కొలిచారు. ఎన్ని బస్తాలు పడతాయో లోపల్లోపల లెక్క కట్టుకుంటూ పెదవులు కదపడం కిటికీలోంచి నేను చూశాను. అత్తగారూ చూశారు. చూసి, ఇంకో దారం ఉండ విప్పారు.

కాలువలకి నీళ్ళు వదిలే రోజు పేపర్లో వేశారు. ఆ పొద్దుటే మోడెమ్ కీచుమంది. ఒకటి కాదు, మూడు కాగితాలు. ఆర్డరుకి ఎప్పుడూ ఒక్క కాగితమే. ప్రింటరు దగ్గర నిలబడి మొదటి నాలుగు లైన్లు చదివి, నమ్మలేక మళ్ళీ మొదటి నుంచి చదివాను.

"ఏంటమ్మా? రేటు ఎక్కువందా?" అన్నారు అత్తగారు.

"కాదండీ. మీరు... మీరు పోయారని అనుకుంటున్నారావిడ."

మా ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు. పాపాయి "అయ్యబాబోయ్" అంది. అత్తగారు మాత్రం చాప మీద సర్దుకుని కూర్చుని, "పూర్తిగా చదువు" అన్నారు. నేను తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను.

'మాణిక్యాంబ గారి ఇంటివారికి. మీ కాగితం అందింది. నల్లని మూలలు చూశాను. మా దేశంలోనూ ఇలాంటి కబురు తెచ్చే కాగితానికి నల్ల అంచు ఉంటుంది. కింద ఆవిడ సంతకం లేదు. ఇన్ని రోజులూ జవాబు రాయలేకపోయాను. మీ ఊరు వచ్చినప్పుడు ఆవిడా నేనూ ఒకే చాప మీద కూర్చున్నాం. ఒకరి మాట ఒకరికి తెలియదు. వెళ్ళేటప్పుడు నాకొక పొట్లం ఇచ్చారు. లోపల తెల్లటి పల్చటి కాగితాలు. ఏవో పత్రాలనుకుని నా ఫైల్లో పెట్టుకున్నాను. విమానాశ్రయంలో చూస్తే ఫైలంతా నెయ్యి, పంచదార. తనిఖీ చేసే ఆయనా నేనూ నవ్వుతూనే ఉన్నాం. ఆ తర్వాత అంత నవ్వు నవ్విన గుర్తు లేదు. మీ పార్సిలు వస్తే ముందు వాసన చూస్తాను. పొయ్యి పొగ, కొబ్బరి నూనె, ఇంకేదో. అమ్మే ముందు అంతా ఉతకాలంటుంది మా అమ్మాయి. ప్రతిసారీ ఒక్క ముక్క ఉతక్కుండా నా కోసం దాచుకుంటాను. ఆవిడ లేని ఇంటికి పని చెప్పడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఈ ఏటి డిజైను వెనక్కి తీసుకుంటున్నాను. నన్ను మన్నించండి.'

అత్తగారే ముందు నోరు విప్పారు.

"పూతరేకులు ఫైల్లో పెట్టుకుందా?"

నవ్వడం మొదలుపెట్టారు. ఒళ్ళంతా కదిలేలా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఆ తర్వాత అవి నవ్వు నీళ్ళు కావు.

"నా గురించి ఒక మనిషి ఇంత అనుకుంటుందని నాకు తెలియనే తెలియదమ్మాయ్" అన్నారు. కొడుకు వైపు తిరిగారు. "ఏరా, నేను పోతే నువ్వెంత రాస్తావు?"

"ఏం మాటలమ్మా అవి? నాకు రాయడం ఎక్కడొచ్చు?" అన్నారు మా ఆయన. చెవులు ఎర్రబడ్డాయి. ఆర్డరు పోయిందనీ, పందెం తను గెలిచినట్టేననీ ఆయన అనొచ్చు. అనలేదు. అలమర మీద టేపు తీసుకుని సావిడిలోకి వెళ్ళి, గుమ్మం దగ్గరే కాసేపు నిలబడి, కొలవకుండానే వెనక్కి వచ్చారు.

పంపిన ప్రతి కాగితానికీ ఫ్యాక్సు ప్రోగ్రాము ఒక కాపీ ఉంచుకుంటుంది. తెరిచి చూశాను. మొగ్గ, తీగ, దారం మెలి అన్నీ చక్కగా వచ్చాయి. నాలుగు మూలలా నాలుగు నల్లటి ముద్దలు. మసకగా ఉన్నదంతా నలుపేనని నేను నేర్పిన పాఠాన్ని అది పసుపు మీదా, కుంకుమ మీదా కూడా అప్పజెప్పింది.

అత్తగారు వెనక నిలబడి తెర మీదకి వంగి చూశారు. "ఆవిడ తప్పేం లేదు. మా చిన్నప్పుడు చావు కబురు కార్డు వస్తే మూలకి నల్ల సిరా పూసి ఉండేది. మా అమ్మ గుమ్మంలోనే ఏడుపు మొదలెట్టేది, చదవకుండానే."

"ఫోను చేద్దామా?"

"చేస్తే నేను తెలుగులో బతికున్నాననాలి, ఆవిడ జపాన్‌లో వినాలి. కుదిరే పనేనా?" కంప్యూటరు పక్కనున్న స్కానరు మూత ఎత్తారు. "ఇందులో ఏది పెడితే అది వెళ్తుందా?"

"వెళ్తుంది."

ఆవిడ సూదీ, సగం అల్లిన మొగ్గా తెచ్చుకున్నారు. దారాన్ని ఎడమ చిటికెన వేలికి చుట్టుకున్నారు. చిన్నప్పుడు ఎప్పుడో తిరగలిలో నలిగిన వేలు అది. వంగదు, కొయ్యలా నిలబడే ఉంటుంది. "ఆవిడ ఆ రోజంతా నా మొహం చూడలేదు, ఈ వేలు చూస్తూ కూర్చుంది. మొహం మర్చిపోయిందేమో గానీ వేలు మర్చిపోదు" అంటూ రెండు చేతులూ అద్దం మీద పెట్టారు.

మొదటిసారి వచ్చిన బొమ్మ చూసి పాపాయి రెండడుగులు వెనక్కి వేసింది. మసిబొగ్గులాంటి చెయ్యి. "ఇది పంపకండమ్మా. పోయినావిడ తిరిగొచ్చిందనుకుంటారండి ఆవిడ."

నలుపుని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చాను. అత్తగారు విసుక్కోకుండా పెట్టిన చేతులు పెట్టినట్టే ఉంచారు. చేతి గీతలు వచ్చాయి, గాజులు వచ్చాయి, చివరికి దారం పోగు వచ్చింది. వంగని వేలు నిటారుగా వచ్చింది. కింద ఏం రాయాలో ఆవిడే చెప్పారు.

"బతికే ఉన్నానని ముందు రాయి. తర్వాత పసుపు సంగతి. మా ఇంట్లో శుభం కోరి పంపే కాగితానికి నాలుగు మూలలా పసుపు పెడతాం. మా కొత్త మిషనుకి రంగులు తెలియవు. అంతే. బతిమాలుతున్నట్టు రాయకు."

"ఆర్డరు సంగతి?"

"అది ఆవిడిష్టం."

ఈసారి ఉత్త మూలలతోనే పంపాం. కింద తెలుగులో, గుండ్రంగా, 'మాణిక్యాంబ' అని ఆవిడే సంతకం పెట్టారు.

మర్నాడే కాలువ వదిలారు. ఎండిన ఆకులు, చెప్పులు, ప్లాస్టిక్ సీసాలు ముందు తోసుకుంటూ ఎర్రనీళ్ళు పై ఊరు దాటాయని, మా వీధి చివరి వంతెన ఇంకా అందుకోలేదని కబురొచ్చింది. మా ఆయన చూడ్డానికి వెళ్ళారు. సావిడిలో పాపాయి చాపల మీద దుమ్ము దులుపుతోంది, చుట్టెయ్యడానికో పరవడానికో తనకీ తెలిసినట్టు లేదు. అత్తగారు బీరువా తాళాలు తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నారు. మాట ఇచ్చాక ఆవిడ తప్పే మనిషి కాదు. నాకు ఆ రోజు ఆ కంప్యూటరు మీద కోపం వచ్చింది. నాకు వచ్చిన విద్య ఆ ఇంట్లో దేనికీ పనికి రాలేదనిపించింది.

ఫోను మోగింది. ఆవిడ తాళాలు వదిలేసి రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నారు. రెండో రింగు, మూడో రింగు, నాలుగో రింగు. మోడెమ్ అందుకుని కీచుమంది.

ఒక్కటే కాగితం. ప్రింటరులోంచి ముందు పై అంచు బయటికి వచ్చింది, రెండు మూలలా రెండు నల్ల చుక్కలు. తర్వాత తీగ, మొగ్గలు, పక్కన అంకెలు, అంతకు ముందు ఏడాది కంటే పెద్ద అంకెలే. కింద రెండు మూలలా మళ్ళీ రెండు చుక్కలు. వేలితో అద్దినట్టు గుండ్రంగా, ఒక్కోదాని మధ్యలో ఇంకా ముదురుగా చిన్న బొట్టు.

సిరాతో పెట్టారో, కోబెలో పసుపూ కుంకుమా దొరికాయో నాకు తెలియదు. మా మిషను చెప్పదు. అత్తగారు కాగితాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని, మూలలు ఒక్కొక్కటీ తడిమి చూసి, చివరికి వాసన కూడా చూశారు.

"పసుపే" అన్నారు.

అప్పుడే మా ఆయన మోకాళ్ళ దాకా కాలువ బురదతో గుమ్మంలోకి వచ్చారు. తల్లి కళ్ళల్లో నీళ్ళూ, చేతిలో నల్ల మూలల కాగితమూ చూసి అక్కడే ఆగిపోయారు.

"ఎవరు పోయారమ్మా?"

"ఎవరూ పోలేదురా" అన్నారు అత్తగారు. "ఆర్డరొచ్చింది. నీ బస్తాలకి ఇంకో చోటు చూసుకో."